అత్తయ్య బీపీ మిషన్‌లో నాకే 150 వస్తోంది, మాత్ర మొదలుపెట్టాలా?

ప్రశ్న: డాక్టర్ గారూ నమస్తే. నా వయసు 47, నరసరావుపేట దగ్గర ఒక హైస్కూల్లో టీచర్‌ని. మా అత్తయ్యని చెకప్‌కి తీసుకెళ్లినప్పుడు ఎలాగూ వచ్చాను కదా అని నాక్కూడా చూడమంటే 158/98 వచ్చింది. అప్పట్నుంచి ఇంట్లో అత్తయ్య మిషన్‌తో చూస్కుంటున్నాను, ఒకసారి 151/94, ఒకసారి 138/86, ఇంకోసారి 164/100, పది నిమిషాలాగి చూస్తే మళ్లీ 142. నాకు తలనొప్పి గానీ కళ్లు తిరగడం గానీ ఏమీ లేవు, బానే ఉన్నాను. అత్తయ్యేమో వయసుకి వంద కలుపుకో, నీకు ఆ మాత్రం ఉంటుందిలే అంటారు. స్టాఫ్‌రూంలో ఏమో ఒక్కసారి మాత్ర మొదలుపెడితే ఇక జీవితాంతమే, కిడ్నీలు కూడా పోతాయి, దానిబదులు సర్పగంధ పొడి వాడు అంటున్నారు. రెండో కాన్పులో ఎనిమిదో నెలలో బీపీ వచ్చింది, పాప పుట్టాక తగ్గిపోయింది. మోకాళ్ల నొప్పులకి మెడికల్ షాపులో ఇచ్చిన మాత్ర వారంలో మూడు నాలుగు రోజులు వేసుకుంటాను. పీరియడ్స్ ఈ మధ్య సరిగ్గా రావట్లేదు, అందుకే ఈ బీపీ అంటున్నారు కొందరు. అత్తయ్య వేసుకునే బీపీ మాత్రలు ఇంట్లోనే ఉన్నాయి, సగం వేసుకుని చూడనా?

జవాబు: టీచర్ గారూ, ముందు మీ ఆఖరి ప్రశ్నకే జవాబు చెప్తాను, ఎందుకంటే మిగతాదంతా చదివేలోపే ఆ సగం మాత్ర వేసేసుకుంటారేమో అని నా భయం. వద్దండి. ఆవిడ మాత్ర ఏంటో మీరు రాయలేదు, బీపీ మాత్రలన్నీ ఒకటి కాదు, కొన్ని గుండె వేగాన్ని తగ్గిస్తాయి, ఆస్తమా ఉన్నవాళ్లకి అవి పడవు, కొన్ని ఒంట్లో నీటినీ ఉప్పునీ మూత్రంలో బయటికి పంపిస్తాయి, కొన్ని గర్భం వచ్చే అవకాశం ఉన్నవాళ్లు అస్సలు వాడకూడదు. పీరియడ్స్ అటూ ఇటూ అవుతున్నాయంటే పూర్తిగా ఆగిపోయినట్టు కాదు కదా, 47లో కూడా ఆ అవకాశం కొద్దిగా ఉంటుంది, కాబట్టి ఇది మీకు సంబంధం లేని మాట కాదు. ఇంకో ముఖ్యమైన సంగతి ఏంటంటే, మందు మొదలుపెట్టే ముందు అసలు మీ బీపీ ఎంతో మనకి తెలియాలి, ఇప్పుడు సగం మాత్ర వేసేస్తే ఆ లెక్క చెడిపోతుంది, ఆ తర్వాత ఏ డాక్టర్ దగ్గరికెళ్లినా ఆయనకి కూడా సరైన బొమ్మ కనపడదు.

ఇప్పుడు మీ నంబర్ల సంగతి చూద్దాం. 151, 138, 164, 142 అని గంతులేస్తోందని మిషన్ పాడైందేమో అనుకుంటున్నారేమో, బీపీ అంటేనే అలా మారుతూ ఉండేదండి, మీకే కాదు ఎవరికైనా సరే. నిద్రలో తగ్గుతుంది, లేచాక పెరుగుతుంది, మెట్లెక్కితే పెరుగుతుంది, పిల్లల మీద గట్టిగా అరిస్తే పెరుగుతుంది, మూత్రం ఆపుకుని కూర్చున్నా పెరుగుతుంది. ఆ క్షణానికి ఆ నంబర్ నిజమే, కానీ మీకు బీపీ జబ్బు ఉందా లేదా అని తేల్చేది ఆ ఒక్క నంబర్ కాదు. అందుకే నేను ఎవరికైనా చెప్పేది ఒక్కటే, ఒక్క రీడింగ్ చూసి భయపడొద్దు, ఒక్క రీడింగ్ చూసి ధైర్యం తెచ్చుకోవద్దు, పద్ధతిగా వారం చూసి ఆ సగటు ఎంతొస్తే దాన్ని నమ్మండి, నమ్మాక మాత్రం సాకులు వెతకొద్దు. మీ విషయంలో ఈ రెండో సగమే కష్టమని నాకనిపిస్తోంది, ఎందుకంటే ఉత్తరంలోనే నాలుగు సాకులు రెడీగా ఉన్నాయి, వయసు, పీరియడ్స్, లక్షణాల్లేకపోవడం, కాన్పుతో తగ్గిపోయిందనడం.

వారం రోజులు ఎలా చూడాలో కొంచెం వివరంగా రాస్తాను, విసుక్కోకండి, ఇంట్లో చూసే రీడింగుల్లో చాలావాటికి తప్పు ఇక్కడే జరుగుతుంది. పొద్దున లేచి మూత్రానికి వెళ్లొచ్చి, కాఫీ తాగకముందు, టిఫిన్ తినకముందు చూడండి, మళ్లీ రాత్రి భోజనానికి ముందు ఒకసారి. స్కూలు నుంచి బస్సు దిగి వచ్చిన వెంటనే వద్దు, వంటింట్లో స్టవ్ మీద పప్పు పెట్టి ఈలోపు చూసేద్దాం అని కూడా వద్దు. కాఫీ, టీ, నడక, ఏదైనా ముప్పై నిమిషాల ముందే అయిపోవాలి. వెనక ఆనుకునే కుర్చీలో కూర్చోండి, మంచం అంచున కాదు, రెండు పాదాలూ నేలమీద ఆనాలి, కాలు మీద కాలు వద్దు. చెయ్యి టేబుల్ మీద పెట్టండి, కఫ్ గుండె ఎత్తులో ఉండాలి. ఈ చెయ్యి సంగతి చిన్నదిగా అనిపిస్తుంది గానీ, చెయ్యి ఒళ్లో పెట్టుకుంటే పై నంబర్ నాలుగు పాయింట్ల దాకా, పక్కకి వేలాడేస్తే ఆరేడు పాయింట్ల దాకా ఎక్కువ చూపిస్తుంది. అలా ఐదు నిమిషాలు ఊరికే కూర్చోండి, ఫోన్ వద్దు, టీవీలో సీరియల్ వద్దు, మిషన్ నొక్కాక మాట్లాడొద్దు, పక్కన అత్తయ్య ఎంతొచ్చింది ఎంతొచ్చింది అని అడుగుతున్నా సరే. కఫ్‌ని చీర జాకెట్ చేతి మీదో నైటీ చేతి మీదో చుట్టొద్దు, ఒట్టి చర్మం మీదే చుట్టాలి, జాకెట్ చెయ్యి పైకి మడిస్తే అది బిగుసుకుపోతుంది, దాని బదులు వదులుగా ఉండే చేతుల్లేనిదేదైనా వేసుకోండి ఆ పది నిమిషాలు.

ఒక నిమిషం గ్యాప్‌తో రెండుసార్లు చూసి రెండూ రాయండి. బాగా వచ్చినవి రాసి, ఎక్కువ వచ్చినవి వదిలేయకండి, అలా చేసేవాళ్లు బోలెడుమంది ఉన్నారు, పొరపాటున వచ్చిందిలే అని మళ్లీ మళ్లీ నొక్కి తక్కువ నంబర్ వచ్చేదాకా ఆగరు. మీరు పది నిమిషాలాగి చూస్తే 142 వచ్చిందన్నారు కదా, ఆ 142 ఒక్కటే గుర్తుపెట్టుకుని 164ని మర్చిపోవాలని మనసు లాగుతుంది. రెండూ రాయండి. ఏడు రోజులయ్యాక మొదటి రోజువి తీసేసి మిగతా ఆరు రోజులవి అన్నీ కలిపి సగటు తీయండి, పైది వేరుగా, కిందది వేరుగా. లెక్కల టీచరో కాదో గానీ ఈ లెక్క మీకు పెద్ద పనేం కాదు.

మిషన్ గురించి రెండు ముక్కలు. మీ అత్తయ్యది మణికట్టుకి పెట్టే రకమైతే దాన్ని పక్కన పెట్టేయండి, భుజానికి కింద చుట్టేది కావాలి. అత్తయ్య సన్నగా ఉండి మీరు కొంచెం బొద్దుగా ఉంటే ఆ కఫ్ మీకు సరిపోదు, చిన్న కఫ్ బిగించి చూస్తే లేని బీపీ కూడా ఉన్నట్టు చూపిస్తుంది. టేపు తీసుకుని మోచేతికీ భుజానికీ మధ్యలో చుట్టుకొలత చూస్కోండి, మామూలు కఫ్ చాలావరకు 22 నుంచి 32 సెంటీమీటర్ల దాకా పనికొస్తుంది, ఆ కొలత కఫ్ మీదే రాసి ఉంటుంది, అంతకన్నా ఎక్కువుంటే పెద్ద సైజు కఫ్ విడిగా దొరుకుతుంది. మొదటిరోజు రెండు చేతులకీ చూడండి, ఏ చేతికి ఎక్కువొస్తే ఆ వారమంతా ఆ చేతికే. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ మిషన్ కూడా బ్యాగులో వేసుకెళ్లి వాళ్ల మిషన్‌తో పోల్చి చూపించమనండి.

సగటు వచ్చాక ఏమనుకోవాలంటే, ఇంట్లో చూసిన సగటు 135/85 అంతకన్నా ఎక్కువుంటే అది హైబీపీనే, హాస్పిటల్లో చూసే 140/90కి ఇంట్లో లెక్క ఇది. రెండు నంబర్లలో ఏ ఒక్కటి దాటినా లెక్కే, పైది బానే ఉంది కదా అని కిందది వదిలేయకూడదు. ఒకవేళ హాస్పిటల్లో 158 వచ్చి ఇంట్లో సగటు 124, 126 అలా ఉంటే అది డాక్టర్‌ని చూస్తే పెరిగే బీపీ, దానికి వెంటనే మందు అక్కర్లేదు గానీ ఏడాదికోసారైనా మళ్లీ చూస్కుంటూ ఉండాలి, వాళ్లలో కొంతమందికి తర్వాత నిజం బీపీగా మారుతుంది. మీరు రాసిన అంకెల్ని బట్టి మీది అలాంటిది కాదేమో అని నా అంచనా, మీరు ఎలా పడితే అలా చూసిన ఇంటి రీడింగుల్లో కూడా ఒక్కటీ 135 లోపు లేదు. అయినా వారం చూడండి, అంచనా అంచనానే.

వయసుకి వంద కలుపుకోవడం. ఈ లెక్క మీ అత్తయ్య కనిపెట్టింది కాదు, ఆవిడ చిన్నప్పుడు చాలామంది డాక్టర్లే అలా అనుకునేవారు, వయసు పెరిగేకొద్దీ రక్తనాళాలు గట్టిపడతాయి కాబట్టి రక్తం తోయడానికి అంత బీపీ శరీరానికి కావాలేమో అని. దాని ఖరీదు ఎంతో అమెరికా ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్ కథలో ఉంది. 1944 మార్చిలో గుండె డాక్టర్ చూసినప్పుడు ఆయన బీపీ 186/108, ఏడాది తిరక్కుండానే ఇంకా పైకి పోయింది, 1945 ఏప్రిల్ 12న మెదడులో రక్తనాళం చిట్లి పోయారు, ఆ రోజు చూసిన బీపీ 300/190. అప్పటికి ఆయనకి 63. ప్రపంచంలో అంత పెద్ద పదవిలో ఉన్న మనిషికి కూడా అప్పట్లో ఇవ్వడానికి సరైన మందు లేదు, ఆ తర్వాత 1948లో అమెరికాలోనే ఫ్రామింగ్‌హామ్ అనే ఊళ్లో మొదలుపెట్టి వేలమందిని ఏళ్ల తరబడి గమనిస్తూ పోతే తేలింది ఏంటంటే వయసు ఎంతైనా సరే బీపీ ఎక్కువుంటే గుండెకీ మెదడుకీ ముప్పు ఎక్కువే అని. ఆయనకి దొరకని మాత్ర ఇవాళ మన పీహెచ్‌సీలో ఊరికే ఇస్తున్నారండి. కాబట్టి అత్తయ్య మాటని గౌరవంగా విని పక్కన పెట్టండి, వీలైతే ఆవిడ రీడింగ్ కూడా ఎంతుంటోందో ఒకసారి కనుక్కోండి, ఈ లెక్క నమ్మి ఆవిడ కూడా 170తో తిరుగుతున్నారేమో.

బానే ఉన్నాను అన్నారు. ఉంటారు, హైబీపీ ఉన్న ఎక్కువమంది బానే ఉంటారు, అదే దీంతో గొడవ. తలనొప్పొస్తే బీపీ, తలనొప్పి లేకపోతే బీపీ లేదు అనుకోవడం మన ఇళ్లల్లో బాగా పాతుకుపోయింది. ఏళ్ల తరబడి లోపల గుండె గోడ మందమవుతూ ఉంటుంది, కిడ్నీల్లో సన్న నాళాలు దెబ్బతింటూ ఉంటాయి, కంటి వెనక రక్తనాళాలు మారుతూ ఉంటాయి, మనిషికి మాత్రం ఏమీ తెలీదు, ఓ రోజు మూతి వంకరపోయి చెయ్యి పడిపోతే అప్పుడు తెలుస్తుంది. నా దగ్గరికి అలా యాభై దాటీదాటని వాళ్లని భుజాల మీద మోసుకొచ్చినప్పుడు ఇంట్లోవాళ్లు అనే మాట, నిన్నటిదాకా ఏమీ లేదండీ అని. ఆ మాట విన్నప్పుడల్లా నాకు కడుపులో దేవినట్టవుతుంది, ఎందుకంటే వాళ్లలో చాలామందికి ఎప్పుడో ఎక్కడో ఒకసారి 150 చూపించే ఉంటుంది, మీకు చూపించినట్టే.

ఇప్పుడు మీరు మధ్యలో ఒక్క వాక్యంలో రాసి వదిలేసిన విషయం, నాకైతే ఉత్తరం మొత్తంలో అదే పెద్దది. రెండో కాన్పులో వచ్చిన బీపీ. కాన్పుతో తగ్గిపోయింది నిజమే, కానీ అలా బీపీ వచ్చిన ఆడవాళ్లకి తర్వాత జీవితంలో హైబీపీ వచ్చే అవకాశం మిగతావాళ్ల కన్నా కొన్ని రెట్లు ఎక్కువ, గుండె జబ్బు అవకాశం కూడా ఎక్కువే. పాప పుట్టాక డిశ్చార్జ్ చేసేటప్పుడే, అమ్మా మీరు ఏటా బీపీ చూపించుకోండి అని చెప్పాల్సింది, చాలాచోట్ల చెప్పరు, అప్పుడంతా బిడ్డ హడావిడే కదా, ఆ తర్వాత పిల్లల టీకాలు, స్కూళ్లు, అత్తయ్య చెకప్‌లు, ఇంట్లో అందరి ఫైళ్లూ మీ దగ్గరే ఉంటాయి మీ ఫైల్ తప్ప. ఈసారి డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు ఈ మాట అడక్కపోయినా చెప్పండి, వీలైతే ఆ పాత డిశ్చార్జ్ కాగితం వెతికి తీసుకెళ్లండి. పీరియడ్స్ సంగతంటారా, అవి ఆగిపోయే వయసులో ఆడవాళ్లకి బీపీ పెరగడం మామూలే, కానీ అది కారణం అయినంత మాత్రాన బీపీ చేసే నష్టం తగ్గదు, పీరియడ్స్ ఆగిపోయాక దానంతటదే దిగొస్తుందని ఎదురుచూడొద్దు.

మోకాళ్ల మాత్ర దగ్గరికొద్దాం. మెడికల్ షాపులో ఇచ్చారు అన్నారు, పేరు రాయలేదు, స్ట్రిప్ వెనక చూడండి, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, నాప్రాక్సెన్ లాంటి పేరు కనపడితే మీ బీపీలో కొంత వాటా దానిదే కావచ్చు. ఈ రకం నొప్పి మాత్రలు ఒంట్లో ఉప్పూ నీరూ నిలిచిపోయేలా చేస్తాయి, బీపీని పెంచుతాయి, బీపీ మందు వేసుకుంటున్నా దాని పని సగం చెడగొడతాయి, కిడ్నీల మీద భారం వేస్తాయి. బీపీ మాత్రతో కిడ్నీలు పోతాయని మీ స్టాఫ్‌రూంలో అంటున్నారు చూశారా, నేను చూసినంతలో కిడ్నీలు పాడుచేసుకున్నవాళ్లు బీపీ మాత్రతో కాదు, అదుపులేని బీపీతో, షుగర్‌తో, ఏళ్ల తరబడి ఇలా చీటీ లేకుండా కొనుక్కున్న నొప్పి మాత్రలతో. ఈ వారం నుంచే ఆ మాత్ర ఆపి చూడండి, మోకాళ్లకి పైన రాసే జెల్, వేడి కాపడం, మరీ తప్పకపోతే పారాసెటమాల్. పారాసెటమాల్ కూడా రోజుకి నాలుగు గ్రాములు చొప్పున రోజుల తరబడి వేస్తే బీపీని కాస్త పెంచుతుంది, అప్పుడప్పుడూ ఒకటి అయితే పర్లేదు. క్లాసులో గంటల తరబడి నిలబడే ఉద్యోగం కాబట్టి మోకాళ్లకి అసలు వైద్యం కూడా చేయించుకోవాలి, తొడ కండరాలు గట్టిపడే చిన్న వ్యాయామాలు ఫిజియోథెరపిస్ట్ నేర్పిస్తారు, నొప్పి తగ్గితేనే కదా మీరు నడవగలిగేది. జలుబుకి ముక్కు దిబ్బడ తగ్గించే మాత్రలు, స్టెరాయిడ్లు, గర్భనిరోధక మాత్రలు, దగ్గుకని నమిలే అతిమధురం ముక్క, ఇవి కూడా బీపీ పెంచేవే, వీటిలో ఏదైనా వాడుతుంటే చెప్పండి. ఇంకోటి, రాత్రి మీరు గట్టిగా గురక పెడతారా, మధ్యలో ఊపిరి ఆగినట్టు అవుతుందా అని మీ వారిని అడగండి, ఆ జబ్బుంటే అది తగ్గేదాకా బీపీ మందులకి సరిగ్గా లొంగదు.

ఉప్పు. పల్నాడులో ఉండి ఉప్పు తగ్గించండి అంటే ఊరగాయ మానేయమన్నట్టే కదా అని నాకూ తెలుసు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది మనిషికి రోజుకి ఐదు గ్రాముల లోపు, అంటే ఒక టీస్పూన్, కూరలో వేసింది, పచ్చడిలో ఉన్నది, బయట తిన్నది అంతా కలిపి. మన ఇళ్లల్లో దాదాపు రెట్టింపు తింటాం. మీ ఇంట్లో ఎంత వాడుతున్నారో తెలుసుకోవడానికి టెస్టులేం అక్కర్లేదు, ఉప్పు ప్యాకెట్ కత్తిరించిన రోజు దాని మీద తారీఖు రాయండి. నలుగురున్న ఇంట్లో తలకి ఐదు గ్రాములంటే రోజుకి ఇరవై, కిలో ప్యాకెట్ యాభై రోజులు రావాలి, అదీ పచ్చళ్లూ బయట చిరుతిళ్లూ లెక్కేయకుండానే. మీ ఇంట్లో ఎన్ని రోజులకి అయిపోతోందో చూస్తే మీకే తెలిసిపోతుంది.

ఎక్కడ తగ్గించాలి అంటే, కూరలో ఉప్పు ఒకేసారి సగం చేసేస్తే ఇంట్లో ఎవరూ తినరు, మీ మీదే విసుక్కుంటారు, రెండు మూడు వారాల్లో కొద్దికొద్దిగా తగ్గిస్తే నాలుక అలవాటుపడిపోతుంది. కానీ అసలు ఉప్పు కూరలో కాదు, పక్కన ఉంది. ఆవకాయలో ఉప్పూ కారం ఆవపిండీ దాదాపు సమానంగా కలుపుతాం, నిల్వ ఉండేదే ఆ ఉప్పుతో. అప్పడాలు, వడియాలు, చల్ల మిరపకాయలు, ఎండుచేపలు, గోంగూర నిల్వ పచ్చడి, ఇడ్లీ మీద చల్లుకునే కారప్పొడి, ఆఖర్న మజ్జిగన్నంలో ఇంకో చిటికెడు. అన్నీ మానేయమని నేను చెప్పను, మానేయలేరు కూడా. పూటకొక్కటే పెట్టుకోండి, అప్పడం ఉన్న రోజు ఊరగాయ వద్దు, ఊరగాయ ఉన్న రోజు అప్పడం వద్దు, రోటి పచ్చడి అప్పటికప్పుడు చేసుకుంటే దాన్లో ఉప్పు మన చేతిలో ఉంటుంది, చింతపండు, నిమ్మకాయ, వెల్లుల్లి, కొత్తిమీర కాస్త ఎక్కువ వేస్తే ఉప్పు తక్కువైన సంగతి తెలీదు. మజ్జిగలో ఉప్పు పూర్తిగా మానేయొచ్చు, అల్లం పచ్చిమిర్చి కరివేపాకు చాలు. సైంధవ లవణం, హిమాలయ గులాబీ ఉప్పు వాడితే పర్లేదంట అని ఎవరైనా చెప్తే నమ్మొద్దు, అవి కూడా సోడియం క్లోరైడే, ధర ఎక్కువ అంతే. సోడియం తగ్గించి పొటాషియం కలిపిన ఉప్పు అని వేరే వస్తుంది, అది నిజంగా పనిచేస్తుంది, చైనాలో 600 పల్లెల్లో వాడి చూస్తే పక్షవాతాలు తగ్గాయని 2021లో తేలింది. కానీ అది మీ ఇంట్లో మొదలుపెట్టే ముందు కిడ్నీ టెస్ట్ చూపించుకోండి, మీకూ అత్తయ్యకీ ఇద్దరికీ, కిడ్నీ బాగాలేనివాళ్లకీ టెల్మిసార్టాన్, రామిప్రిల్ లాంటి బీపీ మాత్రలు వేసుకునేవాళ్లకీ పొటాషియం ప్రమాదకరంగా పెరగొచ్చు.

బరువు గురించి మీరేం రాయలేదు కాబట్టి నేనూ ఎక్కువ చెప్పను, ఎక్కువుంటే మాత్రం ఒక్కో కిలో తగ్గినప్పుడల్లా బీపీ దాదాపు ఒక పాయింట్ తగ్గుతుందని లెక్క. నడక వారానికి 150 నిమిషాలు, మోకాళ్లకి మెట్లు వద్దు, స్కూలు గ్రౌండ్‌లో చదునుగా ఉన్నచోట నడవండి, ఒకేసారి అరగంట కుదరకపోతే పొద్దున పావుగంట సాయంత్రం పావుగంట.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు? వారం అయ్యాక, సగటు కాగితం పట్టుకుని. ఈలోపు ఎప్పుడైనా 180/120 వచ్చిందనుకోండి, ఐదు నిమిషాలు కూర్చుని మళ్లీ చూడండి. అప్పుడూ అంతే ఉండి, ఛాతీలో నొప్పి, ఆయాసం, చూపు మసకబారడం, మాట తడబడటం, మూతి ఒక పక్కకి లాగడం, ఒక చెయ్యో కాలో బలం తగ్గడం, భరించలేని తలనొప్పి, వీటిలో ఏ ఒక్కటున్నా 108కి ఫోన్ చేయండి, తెల్లారాక చూద్దాంలే అనొద్దు. మూతి వంకర, చెయ్యి పడిపోవడం, మాట తడబాటు అయితే బీపీ ఎంతున్నా ఫోన్ చేయాల్సిందే. ఏ లక్షణం లేకుండా నంబర్ మాత్రమే అంతుంటే కంగారుపడక్కర్లేదు గానీ ఆ రోజే డాక్టర్‌కి చూపించాలి. అలాంటప్పుడు నాలుక కింద నిఫెడిపిన్ అనే బీపీ మందు క్యాప్సూల్ పిండేవాళ్లు ఇంకా ఉన్నారు, చేయనివ్వొద్దు, బీపీ ఒక్కసారిగా పడిపోతే మెదడుకీ గుండెకీ రక్తం అందక అసలుకే మోసం వస్తుంది.

డాక్టర్ రాసే టెస్టులు మామూలువే, కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్, పొటాషియం, మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్, షుగర్, కొలెస్ట్రాల్, ఈసీజీ, వీలైతే కంటి వెనక పరీక్ష. థైరాయిడ్ కూడా చూస్తారు సాధారణంగా. సగటు 135 నుంచి 150 మధ్యలో ఉండి, షుగర్ లేకుండా, కిడ్నీ గుండె బాగుంటే కొంతమంది డాక్టర్లు మూడు నెలలు ఉప్పు, నడక, నొప్పి మాత్ర ఆపడంతో చూద్దాం అంటారు, అది సరైన మాటే, మీకైతే నొప్పి మాత్ర ఆపడం వల్లే తేడా కనపడొచ్చు. అలా అన్నాక మూడు నెలలకి తప్పకుండా మళ్లీ వెళ్లాలి, అక్కడే చాలామంది జారిపోతారు. సగటు అంతకన్నా ఎక్కువుంటే, లేదా టెస్టుల్లో ఏదైనా తేడా ఉంటే వెంటనే మందు మొదలుపెడతారు, అప్పుడు బేరాలాడొద్దు.

మందు మొదలుపెడితే జీవితాంతమేనా అంటే, చాలామందికి అవునండి, అబద్ధం చెప్పి మిమ్మల్ని ఒప్పించడం నాకిష్టం లేదు. కానీ మందు అలవాటైపోయి మానలేకపోవడం కాదది. కళ్లజోడు పెట్టుకుంటే అక్షరాలు కనిపిస్తాయి, తీసేస్తే మళ్లీ మసకే, జోడు వల్ల చూపు పోయిందని ఎవరూ అనరు కదా. బరువు బాగా తగ్గి, ఉప్పు తగ్గి, నొప్పి మాత్రలు ఆగి బీపీ దిగొచ్చిన వాళ్లకి డోసు తగ్గించడం, ఒక్కోసారి పూర్తిగా ఆపడం కూడా జరుగుతుంది, అది డాక్టర్ చూస్తూ చేసే పని. 128 వచ్చింది కదా తగ్గిపోయింది అని మీరే ఆపేస్తే అది తగ్గింది మాత్ర వల్లే కాబట్టి మళ్లీ పెరుగుతుంది. మామూలుగా ఆమ్లోడిపిన్‌తోనో టెల్మిసార్టాన్‌తోనో మొదలుపెడతారు, ఆమ్లోడిపిన్‌తో కొందరికి చీలమండల దగ్గర వాపొస్తుంది, వస్తే చెప్పండి, మార్చడానికి వేరే మందులున్నాయి, చెప్పకుండా మానేయొద్దు. గర్భం వచ్చే అవకాశం ఉన్నవాళ్లు వాడకూడదన్నాను చూశారా, టెల్మిసార్టాన్ ఆ రకమే, పీరియడ్స్ సంగతి ముందే చెప్తే అది ఇవ్వాలా వద్దా అన్నది వాళ్లు ఆలోచిస్తారు. పొద్దునా రాత్రా అని కూడా గొడవ పడక్కర్లేదు, మీరు మర్చిపోకుండా వేసుకునే టైం ఏదో అదే మంచి టైం. పూర్తి ప్రభావం కనపడటానికి కొన్ని వారాలు పడుతుంది, మూడోరోజుకే నంబర్ చూసి పనిచేయట్లేదనుకోవద్దు. ముందు 140/90 లోపుకి తేవాలి, మీ వయసుకి ఒంటికి పడితే 130/80 లోపుకి. ఎండాకాలం మన దగ్గర 44, 45 డిగ్రీల్లో చెమటలు పోసి బీపీ తగ్గడం, లేచి నిలబడితే కళ్లు తిరగడం మామూలు, అప్పుడు కూడా మీరే ఆపేయకుండా రీడింగులు రాసుకుని వెళ్తే డోసు సర్దుతారు. డబ్బు సంగతైతే ఈ మందులు పాతవి, చవకవి, పీహెచ్‌సీలో ఉచితం, జన ఔషధి షాపుల్లో కూడా దొరుకుతాయి.

సర్పగంధ గురించి చెప్పిన మీ కొలీగ్‌ది పూర్తిగా గాలి మాట కాదు. 1949లో బొంబాయి డాక్టర్ రుస్తుం జాల్ వకీల్ సర్పగంధ వేరు బీపీని తగ్గిస్తుందని బ్రిటన్ గుండె వైద్య పత్రికలో రాస్తే ప్రపంచమంతా చదివింది, దాన్లోంచే రెసర్పిన్ అనే మందు తీసి చాలా ఏళ్లు వాడారు. ఇప్పుడు ఎందుకు దాదాపు మానేశారంటే మనసు దిగులుగా అయిపోవడం, ముక్కు దిబ్బడ, మత్తు లాంటి ఇబ్బందులు, పైగా అంతకన్నా మంచివి వచ్చేశాయి. పొడిలో మందు ఎంతుందో ఒక్కో వేరుకీ ఒక్కోలా ఉంటుంది, చెంచాతో కొలిచి వేసుకునేది కాదది. వద్దు.

రేపు ఆదివారమైతే రేపట్నుంచే మొదలుపెట్టండి, పరీక్షల పేపర్లు దిద్దే రోజులైనా సరే, మీ మామూలు జీవితంలో బీపీ ఎంతుంటుందో అదే మనకి కావాలి. వారం తర్వాత ఆ కాగితం ఫొటో తీసి, నొప్పి మాత్ర పేరు, అత్తయ్య మాత్ర పేరు, మీ బరువు కలిపి మళ్లీ రాయండి, కానీ నా జవాబు కోసం ఆగి డాక్టర్ దగ్గరికి వెళ్లడం వాయిదా వేయొద్దు. ఇంకొకటి, ఎలాగూ ఆ వారమంతా మిషన్ టేబుల్ మీదే ఉంటుంది కాబట్టి మీ వారిని కూడా కూర్చోబెట్టి చూడండి, ఆయన గురించి మీరు ఒక్క ముక్క కూడా రాయలేదు, బహుశా ఆయనకి ఎప్పుడూ చూసి ఉండరు.